అత్తగారి బొమ్మకి నాలుగు వేలు తగ్గింపు

ఇలా దగ్గరికి రా. ఆ స్టూలు ఇటు లాక్కుని కూర్చో. చేతులు ఊరికే ఎందుకు, ఈ చిక్కుడు గింజల్లో రాళ్ళేరుతూ విను. ఎలూతేరియో తన కారుకి వెల కట్టించుకున్న సంగతి మన ఎస్పన్యోలా ఊళ్ళో తలా ఒక రకంగా చెబుతారు. వెలకట్టడానికి వచ్చినాయన మూర్ఛపోయాడని కొందరు, ఆయన టోపీలో కోడి గుడ్డు పెట్టిందని కొందరు. మూర్ఛ సంగతి అబద్ధం.

ఎలూతేరియోని ఊరంతా లూతే అంటుంది. ముప్ఫై ఏళ్ళు బడి బస్సు నడిపి మానేశాడు. ఆయనకి ఒక కారుంది, అరవై నాలుగో సంవత్సరం ఇంపాలా. కొన్నప్పుడు దానికి తలుపు ఒకటే, ఆ ఒకటీ తెరుచుకునేది కాదు. దాన్ని మళ్ళీ కారుని చెయ్యడానికి పదకొండేళ్ళు పట్టింది. అందుకే దానికి పసియెన్సియా అని పేరు పెట్టుకున్నాడు, ఓపిక అని. పొట్ట నేలకి ఆనేంత కిందికి దించాడు. డిక్కీలో పది బ్యాటరీలు, రెండు పంపులు. స్టీరింగు కింద స్విచ్చి నొక్కాడంటే ముందు చక్రాలు గాల్లోకి లేచి, కారు గుర్రంలా నిలబడేది. లోపలంతా ముదురెరుపు మఖమలు, జానెడుకొక బొత్తాం కుట్టి. రంగు సంగతి ఇప్పుడు చెప్పను, దానికి చోటు ముందుంది.

డిక్కీ మూత మీద బొమ్మ ఉంది చూశావూ, అది లూతే అత్తగారు కసిమీరమ్మది. మన వాళ్ళు కార్ల మీద మరియమ్మ తల్లిని వేయిస్తారు, పోయినవాళ్ళని వేయిస్తారు. బతికున్న అత్తగారిని వేయించినవాడు ఈ లోయలో లూతే ఒక్కడే. కూతుర్ని పెళ్ళి చేసుకున్నాక మూడేళ్ళపాటు ఆవిడ అతనితో మాట్లాడలేదు. తలుపు తీసి, "రొసెండా, ఎవరో వచ్చారు చూడు" అనేది. బొమ్మ వేయించాక ఆవిడ కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, "ముక్కు కొంచెం పెద్దదైంది" అంది. అదే అల్లుడితో మొదటి మాట.

బొమ్మ వేసినవాడు ఆవిడ గుర్తింపు కార్డు ఫొటో చూసి వేశాడు. అందువల్ల చుట్టూ మేఘాలు, గులాబీలు, మధ్యలో ఆవిడ కనుబొమలు ముడేసుకుని, వెనకొచ్చేవాళ్ళని నువ్వెవరింటి పిల్లాడివి అన్నట్టు చూస్తూ ఉంటుంది. సిగ్నలు దగ్గర వెనక ఆగిన కుర్రాళ్ళు పాట చప్పుడు తగ్గించి బెల్టు పెట్టుకుంటారు.

ఇక లూతే పెళ్ళాం రొసెండా. ఇరవై రెండేళ్ళుగా తమాలేలు అమ్ముతోంది. చేతి మహిమ అలాంటిది, మొక్కజొన్న పిండిలో మిరపకాయ పంది మాంసం పెట్టి, పొత్తాకు చుట్టి, ఆవిరి మీద ఉడికించిన ఆవిడ తమాలే ఒకటి తిన్నవాడు ఒకటితో లేవడు. కానీ అమ్మడం ఎలాగనుకున్నావు? పెద్ద ప్లాస్టిక్ పెట్టె నడుము మీద ఎత్తుకుని గుడి ముందు, ఆస్పత్రి ముందు, పళ్ళ సంత ముందు నిలబడటం. భుజం నొప్పికి కుడి చెయ్యి చెవి దాకా లేవదిప్పుడు. హైవే పక్కన ఒక పాత వంటబండి అమ్మకానికి పెట్టారు, పొయ్యి, కిటికీ, గొడుగు అన్నీ ఉన్నది. ఇరవై ఆరు వేల డాలర్లు. రొసెండా రోజూ దాని ముందు నించి వెళ్ళి, వెనక్కి తిరిగి కూడా దాని ముందు నించే వచ్చేది.

ఒక రోజు అన్నం దగ్గర అంది. "ముసలాయనా, నీ కారుకి వెల కట్టిద్దాం."

"ఎందుకు?"

"ఇరవై ఆరు వేలు దాటితే అమ్ముదాం. దాటకపోతే జన్మలో మళ్ళీ ఆ మాట ఎత్తను."

లూతే చేతిలో ముద్దని తిరిగి కంచంలో పెట్టేశాడు. కాదంటే భుజం గుర్తొస్తుంది, సరేనంటే కారు గుర్తొస్తుంది. కసిమీరమ్మ లేచి వెళ్ళి చిమయో గుడి నించి తెచ్చుకున్న పవిత్రమైన మట్టి డబ్బా తెచ్చి, ఇద్దరి అరచేతుల్లో చిటికెడు చిటికెడు పెట్టి ఒట్టు వేయించింది. ఆ మట్టి పట్టుకుని వేసిన ఒట్టు తప్పినవాళ్ళు మన దగ్గర ఎవరూ లేరు. ఉన్నా పైకి చెప్పుకోరు.

అల్బుకర్కీలో హాస్క్యూ అని ఒకాయన పాత కార్లకి వెలకట్టి కాగితం రాసిస్తాడు. బుధవారం వస్తానన్నాడు. మంగళవారం రొసెండా గుడికి వెళ్ళిన సమయం చూసుకుని లూతే పని మొదలుపెట్టాడు. కారు చూడగానే ఎవడికైనా మొహం ముడుచుకోవాలి, పది పదిహేను వేలకి మించకూడదు, అదీ ఆలోచన. పెరట్లో మట్టి తవ్వి తెచ్చి కారు మీద చల్లాలనుకున్నాడు. తీరా చూస్తే మట్టిలో ఇసుక రేణువులు. గీతలు పడవూ? రొసెండా పిండి జల్లెడ తెచ్చి మట్టంతా రెండుసార్లు జల్లించి, బుగ్గలకి పౌడరు అద్దినట్టు కారంతా అద్దాడు. వెనక సీట్లో కోళ్ళని తోలాలనుకున్నాడు. తోలాడు కూడా, ముందు ఉతికిన దుప్పటి పరిచి, దాని మీద ఇంకో దుప్పటి పరిచి. ఇంజను కింద నల్లనూనె పొయ్యాలి. ఆ పని మాత్రం కారుని నాలుగడుగులు వెనక్కి నెట్టి, నేల మీద పోసి, మళ్ళీ ముందుకి తెచ్చి నిలబెట్టాడు. చివరికి డిక్కీ తెరిచి బ్యాటరీ తీగ ఒకటి ఊడదీశాడు. ఊడదీసి, తప్పయింది అన్నట్టు దాన్ని నిమిరాడు. కార్ల పోటీల్లో గెలిచిన కప్పులు ముప్ఫై ఒకటి మంచం కిందికి పోయాయి.

బుధవారం పదింటికి హాస్క్యూ వచ్చాడు. పొడుగాటి మనిషి, తెల్ల చేతితొడుగులు, మెడలో టార్చిలైటు, చంకలో పుస్తకం. కసిమీరమ్మ అరుగు మీద కూర్చుని గింజలు ఏరుతోంది. రొసెండా వంటింట్లో పిండి కలుపుతోంది, కిటికీ తెరిచే ఉంది.

"ఈ కారు గురించి మీరే చెప్పండి సార్," అన్నాడు హాస్క్యూ.

"చెప్పడానికేముంది, ఏదో ఉందంతే," అన్నాడు లూతే. నాలుక మీద ముల్లు దిగినట్టయింది.

"ఇంజనెలా ఉంది?"

"దగ్గుతుంది."

"ఒకసారి స్టార్టు చెయ్యండి."

లూతే తాళం తిప్పాడు. పాలు తాగిన పిల్లి పడుకున్నట్టు చిన్న గురగుర. హాస్క్యూ చెవి పెట్టి విని, "స్టార్టయిందా?" అన్నాడు.

"ఏమో, కాలేదేమో," అన్నాడు లూతే.

హాస్క్యూ టోపీ తీసి వెనక సీట్లో పెట్టి, కోళ్ళ కింది దుప్పట్లు కొంచెం తొలగించి మఖమలు మీద చెయ్యి వేశాడు. "ఇదేం గుడ్డ?"

"పాత కర్టెన్లు."

"ఎగురుతుందా?"

"ఎప్పుడో ఎగిరేది సార్. ఇప్పుడు దానికీ మోకాళ్ళ నొప్పులు."

హాస్క్యూ అన్నీ రాసుకుంటున్నాడు. లూతే ఓరకంట పుస్తకంలోకి చూశాడు. పక్కన ఎన్ని తీసివేత గుర్తులుంటే అంత సంతోషం, అంత ఉక్రోషం. రెండూ ఒకే మనిషిలో ఒకేసారి ఎలా పడతాయో ఆ రోజు లూతేని అడిగితే చెప్పేవాడు.

ఇద్దరూ డిక్కీ వైపుకి వచ్చారు. హాస్క్యూ బొమ్మని చూసి, తెలియకుండానే చొక్కా బొత్తాం పెట్టుకున్నాడు. "ఈవిడెవరు?"

"మా అత్తగారు."

"పోయారా, పాపం."

"పోలేదు," అన్నాడు లూతే.

"పోలేదు," అంది అరుగు మీద నించి ఇంకో గొంతు.

హాస్క్యూ గొంతు తగ్గించాడు. "సొంతవాళ్ళ బొమ్మలుంటే కొనేవాళ్ళు వెనకాడతారు సార్. గీకించాలి, మళ్ళీ రంగు వేయించాలి. దీనికో నాలుగు వేలు తీసెయ్యాలి."

కసిమీరమ్మకి ఎనభై మూడేళ్ళు. తలుపు బాదినా వినపడదు గానీ ఇది వినపడింది. కర్ర ఊతంగా దిగి వచ్చింది. "దేనికి నాయనా నాలుగు వేలు?"

"బొమ్మకండీ పెద్దమ్మగారూ."

"బొమ్మ ఎవరిది?"

"మీదే."

"అంటే నేనుంటే నాలుగు వేలు తక్కువ, నేను పోతే నాలుగు వేలు ఎక్కువ."

"మిమ్మల్ని కాదండీ, ఇది వ్యాపారం..."

"ఆ టైర్లకి ఎంతేశావు?"

హాస్క్యూ పుస్తకం చూశాడు. "నాలుగూ కలిపి ఆరు వందలు."

"టైర్లకి కలిపావు. రోడ్డు మీద దొర్లే టైర్లకి. నాకు మాత్రం తీసేశావు. అల్లుడూ, వింటున్నావా? నోట్లో ఏమన్నా పెట్టుకున్నావా?"

లూతే ఆకాశం వైపు చూశాడు. అత్తగారి పక్షాన మాట్లాడితే వెల పెరుగుతుంది, కారు పోతుంది. మాట్లాడకపోతే మళ్ళీ 'ఎవరో వచ్చారు చూడు' దగ్గరికి వెళ్ళాలి, ఈ వయసులో. చివరికి, "రెండు వేలు తీస్తే సరిపోదా సార్?" అన్నాడు.

ఆ మాట ఎవరికీ నచ్చలేదు. కసిమీరమ్మ కారు ముందు తలుపు తీసి సీట్లో కూర్చుని, కర్ర ఒళ్ళో పెట్టుకుంది. "నన్ను తీసేస్తే కదా నీకు లాభం, తియ్యి చూస్తాను," అంది హాస్క్యూతో.

హాస్క్యూ ఆవిడ జోలికి పోకుండా జేబులో నించి అగ్గిపెట్టెంత పరికరం తీసి తలుపు మీద ఆనించాడు. రంగు ఎంత మందమో చెబుతుందది. కీచుమంది. ఇంకో చోట పెట్టాడు, అక్కడా కీచుమంది. "చాలా మందంగా ఉందే. కింద పుట్టీ పట్టించారా?"

ఇదీ ఆ రంగు సంగతి చెప్పాల్సిన చోటు. అందులో ఆవగింజంత పుట్టీ లేదు. ముందు వెండి రంగు. దాని మీద తళుకు. దాని మీద గాజులా పల్చటి ఎరుపు, ఒక పూత, ఆరాక నీళ్ళు పోస్తూ చేత్తో రుద్దడం, మళ్ళీ ఒక పూత. మార్చి గాలులు మొదలవక ముందు, దుమ్ము లేని పొద్దుటి వేళల్లో మాత్రమే. మొత్తం పద్ధెనిమిది పూతలు. నీడలో ద్రాక్షపండు, ఎండలో నిప్పుకణిక, సాయంత్రం చూస్తే లోపల దీపం వెలిగించినట్టు. ఆ రుద్దుడుకి లూతే వేలిముద్రలు అరిగిపోయి, బస్సు డ్రైవరు కార్డుకి ముద్ర పడక రెండుసార్లు వెనక్కి పంపారు.

"పుట్టీయేనా?" అని మళ్ళీ అడిగాడు హాస్క్యూ.

"పుట్టీయే," అన్నాడు లూతే. అనేసి, దగ్గాడు.

హాస్క్యూ కూడాడు, తీసేశాడు. "పంతొమ్మిది వేలు."

గెలిచాడు. ఇరవై ఆరుకి ఏడు తక్కువ. కారు జన్మంతా తనదే. వంటింట్లో పిండి చప్పుడు ఆగింది. లూతే నోరు మూసుకుని లోపలికెళ్ళి కాఫీ తాగితే కథ అక్కడితో అయిపోయేది, నువ్వు వేరే కథ వినేదానివి.

కానీ హాస్క్యూ మంచివాడు. మంచివాళ్ళతోనే వస్తుంది చిక్కు. లూతే మొహం చూసి జాలిపడి భుజం మీద చెయ్యి వేశాడు. "బాధపడకండి సార్. పని నేర్చుకునేవాళ్ళ చేతిలో ఇలాగే అవుతుంది. ఎవరో రెండు శనివారాల్లో పుట్టీ పూసి, పైన రంగు కొట్టి, మీకు అంటగట్టారు."

లూతే ఆ చేతిని మెల్లిగా భుజం మీద నించి తీశాడు.

"ఎన్ని శనివారాలు?"

"రెండు. మహా అయితే మూడు."

"ఇక్కడే ఉండండి," అన్నాడు లూతే.

గొట్టం తెచ్చి నీళ్ళు పెట్టాడు. జల్లించిన మట్టి అంతా కిందికి పారి కాళ్ళ దగ్గర ఎర్రటి బురదయింది. ఒంటి మీది చొక్కా విప్పి దాంతోనే తుడిచాడు. పైన ఎండ పడేసరికి కారు భగ్గుమంది. హాస్క్యూ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"లెక్కపెట్టండి," అన్నాడు లూతే. "ఒక్కో పూతకీ పేరు చెబుతాను. ఆరోది మా రొసెండాకి ఒంట్లో బాగాలేనప్పుడు వేశాను. పదకొండోది మళ్ళీ గీకి వేశాను, ఈగ వాలింది కాబట్టి. పాత కర్టెన్లట. మెక్సికో నించి తెప్పించిన మఖమలు, బొత్తాలు నేను కుట్టాను, ఈ వేలికి గుచ్చుకున్న మచ్చ చూడండి. దగ్గుతుందట. ఎవరన్నారు దగ్గుతుందని?"

"మీరే సార్."

"నేనన్నాననుకోండి, మీరు రాసుకోవడమేమిటి?"

లోపలికి పరుగెత్తి చేటలో ధాన్యం తెచ్చినట్టు కప్పులన్నీ దుప్పట్లో మూటగట్టి తెచ్చి గచ్చు మీద గుమ్మరించాడు. డిక్కీ తెరిచి తీగ తగిలించాడు. కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టి స్విచ్చి నొక్కాడు. ముందు సీట్లో అత్తగారు ఉందన్న మాటే మరిచిపోయాడు.

కారు ఒక్కసారిగా లేచింది. పడింది. మళ్ళీ ఇంకా పైకి లేచింది. గోడ అవతల పక్కింటి ఫిదెన్సియో తన మిరప మొక్కలకి నీళ్ళు కడుతున్నాడు. గోడ మీంచి కసిమీరమ్మ తల కనిపించింది.

"బాగున్నారా కసిమీరమ్మగారూ?" అన్నాడు టోపీ తీసి.

తల కిందికి పోయింది. మళ్ళీ వచ్చినప్పుడు, "బాగానే," అంది. ఆ తర్వాత వచ్చినప్పుడు, "ఉన్నాను," అంది. ఇంకోసారి వచ్చి, "మీ ఆవిడకి జ్వరం," అంది. మరోసారి, "తగ్గిందా?"

కారు ఆగేసరికి హాస్క్యూ పాత కాగితం చించేసి కొత్తది రాస్తున్నాడు. ఇలాంటి కారు చేతికిందికి ఇరవై ఏళ్ళలో ఒక్కసారి వస్తుందట. ఎండకి టోపీ గుర్తొచ్చి వెనక సీట్లోంచి తీస్తే అందులో గుడ్డుంది, పగలని గుడ్డు. ఎప్పుడు దూరిందో లూతే తోలిన కోళ్ళలో ఒకటి మెత్తటి చోటు చూసుకుంది. హాస్క్యూ గుడ్డుని జేబులో వేసుకున్నాడు. దానికి మాత్రం వెల కట్టలేదు.

"నలభై ఒక్క వేలు," అన్నాడు.

"బొమ్మకి ఎంత తీశావు?" అంది కసిమీరమ్మ, జుట్టు సవరించుకుంటూ.

"ఏమీ తియ్యలేదండీ."

"కలిపావా?"

హాస్క్యూ ఒక్క క్షణం ఆలోచించాడు. "ఆరు వందలు కలిపాను."

"టైర్లంత," అంది ఆవిడ తృప్తిగా.

అప్పుడు లూతేకి వాకిట్లో పెళ్ళాం కనిపించింది. చేతులకి మోచేతుల దాకా పిండి. ఆవిడ ఎగరలేదు, నవ్వలేదు. "నలభై ఒకటి," అంది మెల్లిగా. "నా జల్లెడలో ఎర్రమట్టి ఎందుకుందో తెలిసింది." అని లోపలికి వెళ్ళిపోయింది. లూతే చొక్కా లేకుండా, ముప్ఫై ఒక్క కప్పుల మధ్య, తన నోటితో తనే కారు అమ్ముకున్నవాడై నిలబడ్డాడు.

ఒట్టు ఒట్టే. కొనేవాళ్ళు వచ్చారు. శాంటా ఫే నించి ఒక పళ్ళ డాక్టరు వచ్చాడు. కసిమీరమ్మ డిక్కీ పక్కన కుర్చీ వేసుకుని, "పెళ్ళయిందా నీకు? ఆదివారం గుడికెళ్తావా? వానలో నన్నెక్కడ నిలబెడతావు?" అని అడిగింది. పళ్ళు పీకేవాడు తన పళ్ళు కనపడకుండా వెళ్ళిపోయాడు. ఇంకొకడికి లూతే కారు ఎలా కడగాలో చెప్పడం మొదలుపెట్టాడు, నాలుగు గంటలైనా బానెట్ దాటలేదు. వాడు నీళ్ళు తాగొస్తానని వెళ్ళినవాడు పక్క రాష్ట్రంలో ఫీనిక్స్ దాకా పోయిగానీ ఆగలేదు.

ఆగస్టులో ఒకడు లారీ తీసుకుని, డబ్బు సంచిలో పెట్టుకుని వచ్చాడు. నిజంగా కొనేవాడు. లూతే ఈసారి ఒక్క మాట మాట్లాడలేదు. తాళం తీసి ఇచ్చాడు. ఇచ్చాడు గానీ వేళ్ళు విడిపోవడం లేదు. అవతలివాడు మర్యాదగా లాగుతున్నాడు, ఇతను మర్యాదగా పట్టుకున్నాడు. లోపల ముందు సీట్లో కసిమీరమ్మ, దిగనంది.

రొసెండా అంతా చూసింది. "బాబూ, మా అమ్మతో సహా అయితే తీసుకెళ్ళు," అంది వాడితో. వాడు ముసలావిడ వైపు చూశాడు, బొమ్మ వైపు చూశాడు. ఒకరే ఇద్దరయ్యారని గ్రహించి సంచి సర్దుకున్నాడు.

లారీ వెళ్ళిపోయాక రొసెండా డిక్కీ తెరిచి, లోపల జానలతో కొలిచింది. ఆరు జానలు ఇటు, నాలుగు జానలు అటు. "ఈ బ్యాటరీలు, పంపులు ఎంతకి పోతాయి?"

లూతేకి అర్థమైంది. "అవి తీసేస్తే ఎగరదు."

"ఎగరదు. నా భుజం కూడా ఎన్నేళ్ళ నించో పైకి లేవడం లేదు, దానికి ఎవరూ కప్పులివ్వలేదు."

లూతే అరుగు మీద కూర్చున్నాడు. ఎంతసేపు కూర్చున్నాడంటే, కోళ్ళు వాటంతటవే గూట్లోకి వెళ్ళాయి. తర్వాత లేచి పానా తెచ్చుకుని, పదీ పది బ్యాటరీలు తన చేత్తోనే విప్పాడు. పాత స్ప్రింగులు గ్రీజు కాగితంలో చుట్టి షెడ్డులో దాచినవి బిగించాడు. బ్యాటరీలు, పంపులు అమ్మితే వచ్చిన డబ్బుతో రొసెండాకి నాలుగు పెద్ద ఆవిరి గుండిగలు, పొయ్యి, గొడుగు వచ్చాయి. కసిమీరమ్మ ఇద్దరి అరచేతులు తన ముందు చాపించి, ఊది, "ఒట్టు వేయించింది నేను, తీసేసేదీ నేనే," అంది.

ఆదివారం సాయంత్రం రివర్‌సైడ్ రోడ్డు మీద కార్లన్నీ షికారుగా మెల్లిగా పోయే వేళకి పసియెన్సియా వచ్చి ఆగింది. నాలుగు గుండిగలూ నిండా తమాలేలు. ఆ బరువుకి వెనక భాగం నేలకి ఆనింది, పంపు లేదు, స్విచ్చి లేదు. రొసెండా మూత ఎత్తగానే ఆవిరి. ఆవిడకి ఇక నడుము మీద పెట్టె ఎత్తుకునే పని లేదు. తమాలేలు అమ్ముడయ్యేకొద్దీ కారు వేలెడు వేలెడు చొప్పున పైకి లేచేది. దూరం నించే జనం కారు ఎత్తు చూసి, "ఇంకా ముప్ఫై ఉన్నాయి, పద," అనుకునేవారు. బంపరు మోకాలి దాకా వచ్చిందంటే తిరిగి ఇంటికి పోయేవారు. లూతే పక్కన నిలబడి, మఖమలు మీద మిరప ఆవిరి పడకుండా విసనకర్రతో విసురుతూ, కారు ఎంత లేచిందో అందరికంటే ముందు చెప్పేవాడు. ఇంత మెల్లిగా ఎగిరే కారు ఇంకెవరి దగ్గరా లేదని కూడా చెప్పేవాడు.

అయ్యాయా గింజలు? రాళ్ళు ఇటు పొయ్యి. ఈ కథ గుర్తుంచుకో. నీ తర్వాత వాళ్ళకి నువ్వే చెప్పాలి. హాస్క్యూ మూర్ఛపోయాడని ఎవరైనా అంటే కాదని చెప్పు. పూతలు పద్ధెనిమిది, ఒకటి కూడా తగ్గించకు, లూతే ఎక్కడున్నా వచ్చి దిద్దుతాడు.